రెండు బండ్ల నడుమ నాంపల్లి

మన యిండ్లలో ప్రయాణమనగా చేరవలసిన యూరే ప్రయాణము. తిరుపతికి పోయితిమందుము, కాశికి పోయితిమందుము, పెండ్లికి పోయితిమందుము; నడుమ బండి మారిన యూరిని గూర్చి యొక్క మాటయు చెప్పము. అచ్చట మనము చూచినది ఒక ప్లాటుఫారము, ఒక కుళాయి, ఒక గడియారము. పురుషులు టీ త్రాగి వత్తుమని వెలుపలికి పోయి, అరగంట తిరిగి, వీధి సంగతులు రెండు మూడు తెలిసికొని వత్తురు. పిల్లలు వారి వెంట పరుగెత్తుదురు. ఇల్లాలు మాత్రము పెట్టెల నడుమ గూర్చుండి, మూటలెన్ని యున్నవో మరల మరల లెక్క పెట్టుకొనుచుండును. ఈ నెల మేము ఆ పెట్టెల యొద్ద కావలియున్న సోదరిని గూర్చియు, ఆమె చూడని నడుమ యూరిని గూర్చియు ముచ్చటింప దలచినాము.

దీనికి కారణము మా కందిన యొక యుత్తరము. వ్రాసిన సోదరి కోస్తా జిల్లాలోని యొక పట్టణమున నివసించునది. ఏబది యేండ్లు దాటినది. ఆమె కుమార్తె చదువు ముగించి, వీపున నొక సంచి తగిలించుకొని, రైలుబండ్లపై దేశము చూచి రావలెనని సంకల్పించినది. ఊరి కొక పూటయో రెండు పూటలో నిలిచి సాగిపోవుట ఆ పిల్ల పద్ధతి. అంతటితో నాగక, తల్లిని గూడ వెంట రమ్మని పట్టుపట్టినది. మొదటి మజిలీ హైదరాబాదు. ఉదయమున నాంపల్లి స్టేషనులో దిగి, రాత్రి అచ్చటనే మరియొక బండి యెక్కవలెను. నడుమ పండ్రెండు గంటల వ్యవధి. ఇంటి యజమాని ప్రయాణమునకు అడ్డు చెప్పలేదు గాని యొక నియమము పెట్టినారట: ఆ పండ్రెండు గంటలును తల్లీకూతుండ్రు స్త్రీల వెయిటింగు రూములోనే యుండవలెను. పూట దినములో నగర మేమి చూతురు, తెలియని చోట తిరుగ నేల యని వారి వాదము.

ఆ సోదరి మమ్మడిగిన ప్రశ్నలు రెండు. ఈ యీడున వీపున సంచి తగిలించుకొని తిరుగుట గౌరవమేనా యనునది మొదటిది. ఆ కొన్ని గంటలలో నిజముగా చూడదగిన దేమైన నున్నదా యనునది రెండవది. తాను జీవితమున నెన్నియో మారులు నాంపల్లిలో బండి మారినదట. కాని స్టేషను ఎదుటి వీధిని దాటి యెన్నడును పోలేదట. ఈ మాట ఆమె ఫిర్యాదుగా వ్రాయలేదు. ఉత్తరము చివర ఊరక చేర్చినది. మమ్ము కదల్చినది ఆ మాటయే.

మొదటి ప్రశ్నకు మొదట సమాధానము చెప్పెదము. వీపు సంచి ప్రయాణము విదేశపు వేడుక యని పెద్దలు కొందరు తలచుచున్నారు. ఐరోపా ఖండమున అది మిక్కిలి వ్యాపించిన మాట నిజమే. అచ్చటి రైల్వేలవారు కలిసి 1972లో ‘ఇంటర్‌రైల్’ అను నొక టిక్కెట్టును ఏర్పరచిరి. ఇరువది యొక్క యేండ్లలోపు యువజనులు ఆ యొక్క టిక్కెట్టుతో నెల దినములు ఇరువది యొక్క దేశములలో తిరుగ వీలు కలిగినది. తరువాత ఆ వయోనియమమును గూడ సడలించినారు. ఆడపిల్లలు ఉదయమున వియన్నాలో దిగి, సంచిని స్టేషనులో నప్పగించి, నగరములో కాలినడకను తిరిగి, సాయంకాలమునకు బుడాపెస్టు బండి యెక్కుట వారికి వింత కాదు.

అయితే నడుమ యూరిని చూచుకొనుచు పోవుట మనకును క్రొత్త గాదు. దానికి మన భాషలో మజిలీ యను చక్కని మాట యున్నది. మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీ కథలు మన ముత్తవ్వల నాటినుండి ఇంటింట చదువబడినవే కదా. అందు మణిసిద్ధుని వెంట కాశికి బయలుదేరిన గోపబాలుడు ప్రతి మజిలీయందును ఊరు తిరిగి, ఏదో యొక వింత చూచి వచ్చి, దాని కథ చెప్పుమని గురువు నడుగును. కథలన్నియు పుట్టినది మజిలీలలోనే గాని కాశిలో కాదు. ఆ పిల్లవాడు మూటల యొద్ద కావలి కూర్చుండి యున్నచో ఆ గ్రంథమే యుండెడిది కాదు. ఆ స్థానమున నొక గోపిక యున్నచో ఆమెను ఊరు తిరిగి రమ్మందురో, మూటలు చూచుకొమ్మందురో, పాఠకురాండ్రే యోచింతురు గాక!

కథను విడిచి చరిత్రకు వత్తము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి పెద్ద పరివారముతో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరిరి. దారిలో హైదరాబాదున గూడ నిలిచిరి. మజిలీ మజిలీకి తాము చూచినది, విన్నది మిత్రునకు వ్రాసి పంపిరి. 1838లో అచ్చయిన ఆ వ్రాతలే మన భాషలో తొలినాటి యాత్రాచరిత్ర. ఆ పరివారమున ఆయన కుటుంబపు స్త్రీలును ఉండిరి. వారును అదే దారిని పోయిరి, అవే యూళ్లలో దిగిరి. వారేమి చూచిరో, ఏమి తలచిరో చెప్పు అక్షరము మన కొక్కటియు మిగులలేదు. మన పూర్వపు స్త్రీలు ప్రయాణము చేయకపోలేదు. మజిలీలు వారివి కాకపోయినవి.

ఇక గౌరవము మాట. ఇనుపపెట్టె, పరుపుచుట్ట, నీళ్ల కూజా, పచ్చళ్ల జాడీ, ఈ సామగ్రి యంతయు నొక కుటుంబము పేర ప్రయాణము చేయునప్పుడు దానికి కావలి యొకరుండవలెను. ఆ యొకరు ఎప్పుడును ఇల్లాలే. వీపు సంచి ఆ పద్ధతిని తలక్రిందులు చేసినది. ఎవరి సంచి వారు మోయుదురు. ఎవరును ఎవరి మూటకును కావలి యుండరు. తన బట్టలు, తన మందులు, తన పుస్తకము, తాను మోయగలిగినంతయే తెచ్చుకొన్న స్త్రీకి కాళ్లు స్వాధీనములో నుండును. ఏబదియేండ్ల యిల్లాలికి ఇందులో అగౌరవ మేమియు మాకు కనబడదు. మోకాళ్ల నొప్పి యున్నచో సంచి తేలికగా నుండవలెనని మాత్రము చెప్పుదుము.

రెండవ ప్రశ్న పెద్దది. పూటలో నగర మేమి చూతురని యజమానిగారన్న మాటలో సత్యము లేకపోలేదు. ఒక పూటలో చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగు మ్యూజియము అన్నియు చూడవలెనని ఆటోలలో పరుగెత్తువారు దేనిని చూడరు. రాత్రి బండి యెక్కునప్పుడు వారికి మిగులునది తలనొప్పి. పూట మజిలీకి ధర్మ మొక్కటే: స్టేషను చుట్టు కాళ్లకు అందునంత మేరనే ఊరుగా భావింపవలెను. నాంపల్లిలో దిగినవారి కిది యదృష్టము. ఉత్తరమున పబ్లిక్ గార్డెన్సు, తూర్పు వైపున ఆబిడ్సు, దక్షిణమున మొజంజాహీ మార్కెట్టు, అన్నియు మైలు, మైలున్నర లోపుననే యున్నవి.

బయలుదేరుటకు ముందు ఇంటిలోనే చేయవలసిన పని యొకటి కలదు. టిక్కెట్టుపై స్టేషను పేరు చక్కగా చదువుకొనవలెను. హైదరాబాదు నగరమున పెద్ద స్టేషనులు పలు కలవు: నాంపల్లి, సికిందరాబాదు, కాచిగూడ, 2025 జనవరినుండి చర్లపల్లిలో క్రొత్త టెర్మినలు గూడ తెరచినారు. నాంపల్లి స్టేషనును టిక్కెట్టుపై ‘హైదరాబాదు దక్కను’ అని వ్రాయుదురు. దిగు స్టేషను, ఎక్కు స్టేషను ఒకటేనా యని రెండుమారులు చూచుకొనవలెను. కొన్ని బండ్లను ఒక స్టేషనునుండి మరియొక స్టేషనునకు మార్చుచుండుటచేత, ప్రయాణపు ముందునాడు 139 నంబరునకు ఫోను చేసి విచారించుట మేలు.

దిగిన వెంటనే క్లోక్ రూమునకు పోవలెను. సంచికి తాళము వేసి యుండనిచో వారు పుచ్చుకొనరు, టిక్కెట్టును చూపవలెను. డబ్బు, నగ, మందులు, ఫోను, టిక్కెట్టు చిన్న చేతిసంచిలో తమ యొద్దనే యుంచుకొని, రసీదును భద్రపరచుకొనవలెను. వెయిటింగు రూములో ముఖము కడుగుకొని, చీర మార్చుకొని బయటికి రావలెను. వెయిటింగు రూము ఇందులకై యేర్పడినదే. పండ్రెండు గంటలు గోడ చూచుచు గూర్చుండుటకు కాదు.

నాంపల్లి స్టేషను 1907లో, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున కట్టబడినది. పట్టాలు ఇచ్చటితో ముగియును. బండి ముందునకు పోదు, తిరిగి వెనుకకే పోవలెను. స్టేషను ఎదుట 1919లో ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను ప్రభుత్వము బాటసారులకై యొక సరాయిని కట్టించినది. బండి దిగినవాడు ఊరిలో నొక రాత్రి తల దాచుకొనవలెనని ఆనాటి పాలకులు గుర్తెరిగిన దానికి అది సాక్ష్యము. కాలక్రమమున అది శిథిలము కాగా, ఇటీవల దాని పునరుద్ధరణకు పూనుకొన్నారు. స్టేషను ప్రక్కనే మెట్రో రైలు స్టేషను గలదు. ఈ మార్గమున 2018 సెప్టెంబరునుండి బండ్లు నడచుచున్నవి. ఎండ హెచ్చుగా నున్నచో నడకకు బదులు దానిని ఉపయోగించుకొనవచ్చును. తెలంగాణలో నివసించు స్త్రీలకు 2023 డిసెంబరు 9వ తేదీనుండి సర్కారు వారి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్సు బస్సులలో ఉచిత ప్రయాణము గలదు. ఇతర ప్రాంతములవారు టిక్కెట్టు కొనవలెను.

ఉదయపు చల్లదనమున మొదట ఉత్తరముగా పబ్లిక్ గార్డెన్సునకు పోవుట మంచిది. బాగె ఆమ్ అని దీని పాతపేరు, అనగా అందరి తోట. తోట ప్రక్కనే తెల్లని శాసనసభా భవనము కనబడును. ఆరవ నిజాము నలువదవ జన్మదినమున కానవాలుగా 1905లో పునాది వేసి, 1913లో ముగించిన టౌనుహాలు అది. తోటలో నడచువారు, వ్యాయామము చేయువారు, మనుమలను ఆడించు అవ్వలు, ఎందరో కనబడుదురు. ఒక బెంచిపై గూర్చుండి ఇడ్లీపొట్లము విప్పుకొన్నను అడుగువారు లేరు.

ఆ తోటలోనే రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల యున్నది. 1930లో హైదరాబాదు మ్యూజియముగా ఏర్పడినది. వారమున నొకనాడు మూసియుందురు కావున ముందుగా విచారించుకొనవలెను. ఇందు శిల్పములు, నాణెములు, బౌద్ధ శిథిలములు పెక్కు గలవు. కాని తల్లీకూతుండ్రు తప్పక చూడవలసినది ఈజిప్టు దేశపు మమ్మీ. రెండువేల యేండ్లకు పైబడిన యొక యువతి దేహ మది. నైషు అని ఆమెను వ్యవహరించుచున్నారు. ఆరవ నిజాము అల్లుడు నజీర్ నవాజ్‌జంగు దానిని కొని తెచ్చి ఏడవ నిజామున కీయగా, ఆయన ప్రదర్శనశాలకు దానము చేసెను. నీలనదీ తీరమున పుట్టిన పిల్ల మూసీనదీ తీరమున గాజుపెట్టెలో పరుండి యున్నది. ఆమె యింత దూరము తన యిష్టమున రాలేదు. ఆమె యెదుట నిలిచినప్పుడు మనకు దయ కలుగును. తన కాళ్లతో తాను వచ్చి, చూచి, తిరిగి పోగలుగుట యెంత భాగ్యమో గూడ తోచును.

అచ్చటినుండి వెనుకకు వచ్చి స్టేషను రోడ్డును పట్టి ఆబిడ్సు వైపు నడువవలెను. ఈ దారిలోనే ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ అను ఇల్లు గలదు. సరోజినీ నాయుడు గారి గృహ మది. 1905లో అచ్చయిన ఆమె తొలి కవితాసంపుటము పేరే ఇంటికిని నిలిచినది. హైదరాబాదుననే 1879లో జన్మించిన ఆ బాలిక పండ్రెండేండ్ల ప్రాయమున మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో నుత్తీర్ణురాలయ్యెను. పదునారేండ్ల ప్రాయమున, 1895లో, నిజాము ఇచ్చిన వేతనముతో సముద్రము దాటి ఇంగ్లండునకు చదువ బోయెను. మూడేండ్లకు తిరిగి వచ్చి, 1898లో తెలుగువాడైన డాక్టరు గోవిందరాజులు నాయుడు గారిని వివాహమాడెను. కులము వేరు, భాష వేరు అయిన ఆ వివాహమును చెన్నపట్టణమున మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు జరిపించిరి. 1908లో మూసీ వరద వచ్చినప్పుడు బాధితులకు ఆమె చేసిన సేవ నగరము మరువలేదు. 1925లో కాంగ్రెసు మహాసభకు అధ్యక్షురాలైనది. స్వాతంత్ర్యానంతరము సంయుక్త రాష్ట్రములకు గవర్నరుగా నుండి 1949లో కన్నుమూసినది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము మొదట ఈ యింటిలోనే ఆరంభమైనది.

ఈ యింటి యెదుట తల్లీకూతుండ్రు కొంతసేపు నిలువవలెనని మా కోరిక. పదునారేండ్ల పిల్లను ఓడ యెక్కించిన తల్లిదండ్రులకు భయము లేకపోయినదని మనము తలపరాదు. ఆనాడు ఫోను లేదు. ఉత్తరము వచ్చుటకే వారములు పట్టెడిది. భయముండియు పంపిరి. ఇంటి గుమ్మము స్త్రీని ఆపుటకును కట్టవచ్చును, ఆమె దాటి పోవుటకును కట్టవచ్చును.

నాంపల్లికి స్త్రీవిద్యతో మరియొక సంబంధము గలదు. 1924లో నాంపల్లిలో చిన్నదిగా మొదలైన స్త్రీల కళాశాలయే తరువాత 1949లో కోఠీలోని పాత రెసిడెన్సీ భవనమునకు మారి, ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాలగా ప్రసిద్ధి కెక్కినది. 2022లో అదియే మహిళా విశ్వవిద్యాలయమై, 2024నుండి వీరనారి చాకలి ఐలమ్మ పేర వెలయుచున్నది. నాంపల్లి ఎగ్జిబిషను మైదానమున ప్రతి యేట జనవరి, ఫిబ్రవరి నెలలలో జరుగు నుమాయిషు 1938లో పబ్లిక్ గార్డెన్సులో ఆరంభమై, 1946లో ఈ మైదానమునకు మారినది. ఆ ప్రదర్శనమున వచ్చు ఆదాయముతో విద్యాసంస్థలను నడుపుచున్నారు. అందు బాలికల కళాశాలలును గలవు. అచ్చట గాజులు కొన్న యిల్లాలి రూపాయిలో కొంత యెవరో యొక పిల్ల చదువునకు పోవును.

ఆబిడ్సు అను పేరు వినుటకు వింతగా నుండును. ఆరవ నిజాము కొలువులో ఆల్బర్టు ఆబిదు అను అర్మేనియా జాతీయు డుండెడివాడు. ప్రభువు దుస్తుల విషయము చూచెడి ఆ పరిచారకుడు ఇచ్చట సీమవస్తువుల దుకాణము పెట్టెను. దుకాణము పోయినది, ఆయన పోయెను; పేటకు పేరు మాత్రము నిలిచినది. నాలుగు వీధులు కలియు చోట పెద్ద తపాలా కార్యాలయమున్నది. ఆ సోదరికి మేము చెప్పున దేమనగా, అచ్చట నొక కార్డు కొని, అప్పటివరకు చూచినది నాలుగు పంక్తులలో వ్రాసి, తన పేర తన యింటికే పంపుకొనవలెను. తాము తిరిగి యిల్లు చేరునప్పటికి ఆ కార్డు అచ్చట నుండును. ఫోనులో తీసిన ఛాయాపటములు నూరున్నను, చేతితో వ్రాసిన నాలుగు పంక్తులు వేరు. వీరాస్వామయ్యగారి పరివారపు స్త్రీలకు అట్టి యవకాశము లేకపోయినది, మనకు గలదు.

ఆదివార మైనచో ఆబిడ్సు కాలిబాటలన్నియు పుస్తకములతో నిండును. దుకాణములు మూసిన మెట్లపై పాత పుస్తకములు పరచి అమ్ముదురు. పాఠ్యపుస్తకములు, నవలలు, వంటల పుస్తకములు, పిల్లల బొమ్మల పుస్తకములు, పలు భాషలవి దొరకును. ఒంగి వెదకు నోపిక యున్నచో స్వల్పధనముతో మంచి పుస్తకము చేతికి వచ్చును. సంచి బరువును మాత్రము మరువరాదు!

భోజనమునకు దూరము పోనక్కరలేదు. శాకాహారులకు 1948నుండి ఆబిడ్సులో నడచుచున్న తాజ్‌మహల్ హోటలు గలదు. ఇరానీ టీ రుచి చూడవలెనని కుమార్తె పట్టుపట్టినచో తల్లి కాదనవలదు. ఆ టీని ఉస్మానియా బిస్కెట్టుతో గూడ తీసికొందురు. కొంచెము ఉప్పన, కొంచెము తీపి. స్త్రీలు హోటలులో కూర్చుండి టీ త్రాగుటను వింతగా చూచు కాలము గడచినది. ఎవరైన చూచినచో చూడనిండు. టీ చల్లారకుండ త్రాగవలెను.

భోజనానంతరము ఓపిక యున్నచో దగ్గరనే యున్న గన్‌ఫౌండ్రీకి పోవచ్చును. ఫ్రెంచి సేనాని రేమండు 1786లో నిజాము సైన్యమునకై ఇచ్చట ఫిరంగులు పోతపోయు కార్ఖానా నెలకొల్పెను. ‘తోప్ కా సాంచా’ అని ప్రజలు దానికి పెట్టిన పేరు. నేడు పాత గోడలు మిగిలినవి. నగరపు మరియొక కొసనున్న మూసారాంబాగు అను పేట పేరు గూడ ఈ రేమండు పేరునుండి వచ్చినదే. ఫిరంగులు పోసిన పేటలోనే తరువాత ఆడపిల్లల బడులు వెలసినవి: 1904లో రోజరీ కాన్వెంటు, 1907లో మహబూబియా బాలికల పాఠశాల. బడి విడుచు వేళకు ఆ వీధిలో నిలిచినచో ఆ పిల్లల నవ్వులతో వీధి నిండియుండును.

సాయంకాలమునకు దక్షిణముగా మొజంజాహీ మార్కెట్టు చేరవలెను. ఏడవ నిజాము తన రెండవ కుమారుడు మొజంజా పేర 1935లో కట్టించిన రాతి అంగడి యిది. గడియారపు గోపురముతో నల్లని రాతిపై దిట్టముగా నిలిచియున్నది. శిథిలమగుచుండగా బాగు చేయించి 2020లో మరల తెరచినారు. ఇచ్చట 1951నుండి పండ్ల ఐస్‌క్రీము అమ్ము దుకాణము గలదు. సీతాఫలముల కాలమున దాని రుచి వేరు. ఎదుట 1953లో దేశవిభజన వలన సింధునుండి వచ్చిన కుటుంబము నెలకొల్పిన కరాచీ బేకరీ యున్నది. ఊరును కోల్పోయి వచ్చినవారు తమ యూరి పేరు పెట్టుకొని బిస్కెట్లమ్మి క్రొత్త యూరిలో నిలదొక్కుకొనిరి. రాత్రి బండిలో తినుటకు ఒక డబ్బా చాలును.

ఇంకను వేళ యున్నచో, తిరిగి వచ్చుచు నాంపల్లిలోని యూసుఫైన్ దర్గాను చూడవచ్చును. ఔరంగజేబు 1687లో గోలకొండను ముట్టడించిన నాటి సైన్యమున నుండిన యూసుఫు బాబా, షరీఫు బాబా యను నిద్దరు సాధువుల సమాధు లవి. ఉర్దూ మహాకవులు దాగ్ దెహ్లవీ, అమీర్ మీనాయీ గూడ ఇచ్చటనే విశ్రమించియున్నారు. చెప్పులు విడిచి, తలపై కొంగు కప్పుకొని, స్త్రీల కనుమతించిన మేరవరకు పోవలెను. మతభేదము లేక జను లిచ్చటికి వచ్చుచుందురు.

ఇక భయము మాట. పెద్దలకు కలుగు భయమును తీసివేయు మాట యేదియు మా యొద్ద లేదు. నగరములలో స్త్రీలకు చిక్కులు లేవని చెప్పుట యసత్యము. జనసంచారము గల వీధులనే పట్టవలెను. చీకటి పడునప్పటికి స్టేషను దగ్గరకు రావలెను. దారి యడుగవలసినచో దుకాణదారు నడుగవలెను. ఆటో యెక్కినచో దాని నంబరును ఇంటికి తెలుపవలెను. ఆపద తోచినచో 112 నంబరునకు ఫోను చేయవచ్చును. స్త్రీలను వేధించువారిని పట్టుటకు హైదరాబాదు పోలీసులు 2014 అక్టోబరునుండి షీ టీములను నడుపుచున్నారు. బండి వేళకు గంట ముందుగానే క్లోక్ రూమునుండి సంచులు తీసికొనవలెను. ఇవన్నియు జాగ్రత్తలు. జాగ్రత్త వేరు, కావలి వేరు. జాగ్రత్త స్త్రీని వీధిలో నడిపించును; కావలి ఆమెను బెంచిపై కూర్చుండబెట్టును.

యజమానిగారికి గూడ ఒక మాట విన్నవించుకొందుము. వారి భయము ప్రేమనుండి పుట్టినదేయని మే మెరుగుదుము. కాని ముప్పది యేండ్లుగా ఇంటిని, పిల్లలను, డబ్బును, పదిమంది చుట్టములను నడిపించిన యిల్లాలు మైలు దూరము వీధిలో నడువలేదా? పరాయి వీధిలో తల్లి ధైర్యముగా నడుచుట చూచిన కూతురు రేపు ఒంటరిగా పోవునప్పుడు ఆ నడకనే తలచుకొనును. తల్లి వెయిటింగు రూములో గూర్చున్నచో ఆ పిల్ల నేర్చుకొనునది వేరు పాఠము.

కావున సోదరీ, పొండు. తేలికైన సంచి, అరిగిన మెత్తని చెప్పులు, ఒక నీళ్ల సీసా, ఒక గొడుగు చాలును. అన్నియు చూడవలెనని ఆరాటపడవద్దు. కాళ్లు నొచ్చినచోట కూర్చుండుడు, మిగిలిన దానిని మిగిలిపోనిండు. మీరు చేరిన యూళ్ల వార్తలు మీ యింటివారు ఎట్లును విందురు. మాకు మాత్రము నాంపల్లిలో మీ కంటబడిన దేమో వ్రాయుడు. మే మిచ్చట వ్రాయని దేదైన మీకు కనబడినచో మరింత సంతోషింతుము. తక్కిన పాఠకురాండ్రును తాము బండి మారిన యూళ్లను గూర్చి, స్టేషను దాటి చూచినచో చూచిన దానిని గూర్చి, చూడనిచో చూడకపోవుటకు కారణమును గూర్చి మాకు వ్రాయుదురు గాక. తగినవానిని రాబోవు నెలలలో ఈ పుటలందే ప్రకటింతుము.